ఎల్లాజీ చేతులు

నవంబరు 9, ఉదయం

గాలి నిన్నటికంటె హెచ్చింది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను. రూటరు కార్డుల అంచుల మీద చేరిన ఉప్పును పొడిగుడ్డతో తుడిచాను. చెమ్మ పీల్చడానికి రూటరు పక్కన పెట్టే బియ్యం మూటలు తడిసిపోతే, విప్పి పెనం మీద వేయించి మళ్ళీ కట్టి పెట్టాను.

ప్యాకెట్ మెమరీ పలకలు నాలుగింటిలో ఒకటి పోయిన నెలలోనే పాడైంది. ఇవాళ రెండోది పోయింది. తీసి, రాగి పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది మూడుసార్లు పెట్టి చూశాను. లేవలేదు. కొత్తవి తెచ్చే ఓడ ఫిబ్రవరికి గాని రాదు. సముద్రం మీద తేలే తొమ్మిది వాడల మాటలూ అంతవరకూ సగం చోటులోనే సర్దుకోవాలి.

నా తర్వాత ఈ గదికి వచ్చేవాళ్ళు చదువుకుంటారని ఒక ముక్క రాస్తున్నాను. ఫోనులో మాటైనా బొమ్మైనా సన్నని తునకలుగా తరిగే వస్తుంది. ఒక్కొక్క తునకా ఒక ప్యాకెట్టు. అది ఒక వాడ కార్డులో దిగి, బస్సు అనే తీగల దారి మీదుగా మెమరీలోకి వచ్చి, రెప్పపాటులో ఎన్నో వంతో అక్కడ కూర్చుని, తాను పోవలసిన కార్డు ఏదో తేలాక మళ్ళీ బస్సు మీదనే బయటికి పోతుంది. ఈ రూటరులో బస్సులు రెండు. ఎడమవైపు మూడు కార్డులు పట్టే చోటుకు ఒకటి, కుడివైపు మూడింటికి ఒకటి. రోడ్ల మీద తిరిగే బస్సుల గురించి మా అమ్మ చెప్పగా విన్నానే తప్ప నేను చూడలేదు. నాకు తెలిసిన బస్సులు ఈ రెండే. ఇవి మోయగలిగినంతే మోస్తాయి. మెమరీలో చోటు లేనప్పుడు వచ్చిన ప్యాకెట్టును రూటరు పారేస్తుంది. పారేసినట్టు ఎవరికీ కబురైనా వెళ్ళదు.

మధ్యాహ్నం

కౌన్సిలు కార్యదర్శి వరహాలరావు గారు ఫోను చేశారు. గాలివాన కొలిచే గోపురానికి ఒక కార్డు వెంటనే పెట్టమన్నారు. ఖాళీ ఉన్నది ఎడమవైపే. కార్డుల బరువును పాయింట్లలో లెక్కిస్తాం, ఆ బస్సు మోయగలిగేది ఆరువందలు. ఈ కార్డుతో ఆరువందల తొంభై అయింది. సంగతి చెప్పాను. తుపాను వెళ్ళేదాకా ఎలాగో నడపమన్నారు.

ఎలాగో అంటే ఒకటే దారి. ఇరుకు వచ్చినప్పుడు బొమ్మ ప్యాకెట్లను ముందు పారేసి, మాట ప్యాకెట్లను కాపాడమని రూటరుకు చెప్పడం. తుపాను రోజుల్లో ఎవరి ముఖాలు ఎవరు చూడాలి? గొంతు వినబడితే చాలు, ప్రాణం కుదుటపడుతుంది. ఆ నిబంధన పెట్టేశాను.

నవంబరు 10, సాయంత్రం

రక్షణ పడవ మధ్యాహ్నం ఒక మనిషిని తెచ్చి ఈ కొండ మీది ఆసుపత్రిలో చేర్చింది. పేరు ఎల్లాజీ. తొమ్మిది వాడల్లో ఒకటైన నీలాటివలస వాడు. నాచు పెంచే తెప్ప మీద పని. ఖాళీ డ్రమ్మును కరుచుకుని కొట్టుకుపోతుంటే దొరికాడట. పుట్టు చెవుడు, మాట లేదు. చిన్నప్పుడు బడిలో చేర్చుకోలేదు కాబట్టి చదువూ లేదు. చెవిటివాళ్ళ బడిలో నేర్పే సైగలు కూడా అతనికి తెలియవు. ఇంట్లో వాళ్ళూ తనూ కల్పించుకున్న సైగలే అతని భాష.

ఆ భాష కొండ మీద ఎవరికీ రాదు. ఆ భాష తెలిసిన అతని భార్య కాసులమ్మ నీలాటివలసలో ఉంది. ఆమెకు చెవులూ నోరూ బాగానే ఉన్నాయి, కాని సముద్రం ఇలా ఉండగా పడవ ఎక్కడానికి లేదు. అందుకని డాక్టర్ వాసంతి బొమ్మ ఫోను పెట్టించారు. ఆసుపత్రిలో అతను చేతులతో చెబితే అక్కడ ఆమె చూసి, నోటితో డాక్టరుకు చెప్పాలి.

నేను ఇక్కడి నుంచి లైను కలిపి వింటూ ఉన్నాను.  చివరికి కాసులమ్మ, కడుపు మీద చెయ్యి పెట్టి కిందికి చూపిస్తున్నాడనీ, కడుపులో నొప్పి అనే అనుకుంటున్నాననీ చెప్పింది. డాక్టరు మందు మొదలుపెట్టారు.

నవంబరు 11, ఉదయం

డాక్టర్ వాసంతి ఫోను చేశారు. స్కాను తీస్తే కడుపులో ఏమీ లేదట. రెండు పక్కటెముకలు చిట్లాయి, జ్వరం ఉంది, అంతే. కాని మనిషి పడుకోడు. సెలైను సూది రెండుసార్లు పీకేశాడు. తలుపు దగ్గరికి పరుగెత్తి సముద్రం వైపు చెయ్యి చాపుతాడు. పెళ్ళాం దగ్గరికి పోతానంటున్నాడని అందరూ అనుకుంటున్నారు. కాగితం పెన్సిలు ఇస్తే వణికే చేత్తో ఒక సున్నా గీసి, దాని మీద అడ్డంగా ఒక గీత గీశాడు. అదేమిటో ఎవరికీ తెలియలేదు. సూది నిలవడానికి చేతులు మెత్తటి గుడ్డతో మంచానికి కట్టవలసి వచ్చిందని చెబుతూ ఆమె గొంతు తగ్గించింది.

ఆ తర్వాత పది నిమిషాలకు కాసులమ్మ నాకే చేసింది. ఎవరో లైను చూసే ఆమె ఉందని చెప్పారట. నన్ను ఏమని పిలవాలో తెలియక, వాళ్ళ వాడుకలో అక్కను పిలిచినట్టు అప్పా అంది. నిన్న బొమ్మలో అతని చెయ్యి కడుపు మీద ఉండి, మళ్ళీ చూసేసరికి కింద ఉందట. మధ్యలో చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో కనబడలేదట.

"కడుపునొప్పని సెప్పీసినాను గానప్పా, నాకు నమ్మకం నేదు. మాయన అంత మెల్లిగా సెప్పడు. మధ్యలో ఏదో అంటన్నాడు, అది నాకు అందట్లేదు."

 మధ్యలోది ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు. నేను పెట్టిన నిబంధన దాన్ని పారేసింది.

ఆమెకు అప్పుడు చెప్పలేకపోయాను. చూస్తానమ్మా అన్నాను.

11, మధ్యాహ్నం

ఆసుపత్రికి దిగి వెళ్ళాను. పది నిమిషాల దారి గాలికి అరగంట పట్టింది. ఎల్లాజీకి నలభై అయిదేళ్ళుంటాయి. ఉప్పునీళ్ళకు కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. డాక్టరును అడిగి చేతుల కట్లు విప్పించాను. విప్పిన మరుక్షణం చెప్పడం మొదలుపెట్టాడు. కడుపు చుట్టూ చెయ్యి తిప్పాడు. చేతిని మూతి దగ్గరికి తీసుకువెళ్ళాడు. తర్వాత అరచెయ్యిని కిందికి నొక్కాడు. నేను బుర్ర అడ్డంగా ఊపితే మళ్ళీ అదే. ఇంకోసారి, ఇంకోసారి. చెప్పే ప్రతిసారీ నా కళ్ళలోకి చూసి, ఈసారైనా అర్థమైందా అన్నట్టు ఆగేవాడు.

అక్కడి నుంచే కాసులమ్మకు చేసి, చూసింది చూసినట్టు వర్ణించాను. మూతి దగ్గర చేత్తో ఏమి చేస్తున్నాడని అడిగింది. వేళ్ళు రెండు వాచి కట్టు కట్టి ఉన్నాయి, పెదవిని తాకుతున్నట్టుందన్నాను. పెదవిని తాకితే దాహం అంది. నీళ్ళిస్తే గ్లాసు తీసుకుని నేలకేసి కొట్టాడు. కొట్టి, తనే భయపడి, నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి కాలిపోతోంది.

రాని భాషను ఫోనులో వర్ణించడం కుదిరే పని కాదు. అతని చేతులను కాసులమ్మే చూడాలి. ఒక్క కదలికైనా పోకుండా చూడాలి. అది చేయగలిగేది డాక్టరు కాదు, నేను.

సాయంత్రం వరహాలరావు గారితో మాట్లాడాను. గోపురం కార్డు తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ లెక్కలను బట్టే వాడలు లంగర్లు సర్దుకుంటున్నాయి కాబట్టి ఆయన అన్నది సబబే. మిగతా అమరికంతా నా ఇష్టం అన్నారు. రూటరును ఆపి మళ్ళీ లేపడానికి రేపు పొద్దున్న పోటు తగ్గే వేళ ఏడు నిమిషాలు ఇచ్చారు.

నవంబరు 12, ఉదయం

తెల్లవారాక గదికి వచ్చి కార్డుల పటం ముందు వేసుకుని కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఈ గదిలో ఉన్నాను. ఆ పటాన్ని నేనే గీశాను. అయినా ఇవాళే కొత్తగా చూసినట్టు చూశాను.

ఆసుపత్రి కార్డు ఎడమవైపు ఉంది. నీలాటివలస కార్డూ ఎడమవైపే. అంటే ఎల్లాజీ చేతుల బొమ్మ మెమరీలోకి రావడానికి ఎడమ బస్సును ఒకసారి వాడుకుని, బయటికి పోవడానికి అదే బస్సును ఇంకోసారి వాడుకుంటోంది. ఒకే బొమ్మకు రెండు బరువులు. అప్పటికే నిండిపోయిన బస్సు అది. నీలాటివలస కార్డును కుడివైపుకు మారిస్తే, రావడం ఒక బస్సు మీద, పోవడం రెండో బస్సు మీద అవుతుంది. కుడివైపున ఉన్న పెదగుల్ల, రాయివలసల కార్డు తేలికైనది. దాన్ని ఎడమకు తెస్తే సరిపోతుంది.

రెండో పని మెమరీలో. దాంట్లో అరలన్నీ ఒకే పెద్ద కొలతవి. మాట ప్యాకెట్టు చిన్నది, అయినా వచ్చి ఒక పెద్ద అరంతా తనదే అన్నట్టు కూర్చుంటుంది. బిందెలో చారెడు నీళ్ళు పోసి మూత పెట్టినట్టు. పలకలు నాలుగూ ఉన్న రోజుల్లో ఎవరో అలా కొలిచారు, నేను అలాగే ఉంచేశాను. అరల్లో సగాన్ని చిన్నవిగా కోస్తే మాటలు వాటిలో సర్దుకుంటాయి, పెద్దవి బొమ్మకు మిగులుతాయి.

ఎనిమిదింటికి రూటరును ఆపాను. ఫ్యాను ఆగాక గది ఎంత నిశ్శబ్దమో తెలిసింది. కార్డులు రెండూ మార్చి, అరల కొలతలు రాసి, మళ్ళీ మీట వేశాను. మిగిలిన రెండు మెమరీ పలకల్లో ఒకటి వెంటనే లేచింది. రెండోది లేవలేదు. ఏడు నిమిషాలు అయిపోయాయి. తొమ్మిది వాడల్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేని సముద్రం అటు ఉంది, ఇటు నేనొక్కదాన్ని. పలకను తీసి, పళ్ళను చీర చెంగుతో తుడిచి, నోటితో ఊది పెట్టాను. పదకొండో నిమిషంలో పచ్చదీపం వచ్చింది.   ఫోనులో వరహాలరావు గారు గట్టిగా ఊపిరి వదలడం వినబడింది.

పరీక్షగా ఆసుపత్రి నుంచి గోడగడియారం బొమ్మ నీలాటివలసకు పంపించాను. మొన్న మూడు ప్యాకెట్లలో రెండు పోయేవి. ఇప్పుడు తొమ్మిదిలో ఒకటి పోతోంది.

చాలా తగ్గింది. కాని ఆ పోయే ఒక్కటీ ఏ సైగలో ముక్కో ఎవరికి తెలుసు?

12, పది గంటలు

నిబంధనల ప్రకారం ఏ వాడ లైనునూ ఆపే అధికారం నాకు లేదు. అడగవచ్చునేమో తెలియదు. అడిగాను. వాడకొక లైను మనిషి ఉంటాడు. తొమ్మిది మందికీ వరసగా చేసి, మాట రాని ఒక మనిషి ఏదో చెప్పాలని రెండు రోజులుగా కొట్టుకుంటున్నాడనీ, పన్నెండు గంటల నుంచి ఒక పావుగంట మీ వాడవాళ్ళు ఎవరూ ఫోను ఎత్తకుండా ఉండగలరా అనీ అడిగాను.

ఏడుగురు వెంటనే సరే అన్నారు. ఒకాయన ఆలోచించి చెబుతానన్నాడు. పెదగుల్ల లైను చూసే పారమ్మ కుదరదంది. వాళ్ళ వాడలో ఒక తెప్ప తెగి నాలుగు కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి, ఎవరు ఎక్కడ తేలారో ఇంకా లెక్క తెగలేదు, ఒక ముసలామె మనవరాలి కోసం ప్రతి వాడకూ ఫోను చేస్తూనే ఉంది. ఆమెను ఆగమని చెప్పడానికి తనకు నోరు రాదంది. నాకూ రాదు. నీ మాట నిజమే పారమ్మా, నడవనియ్యి అన్నాను.

12, మధ్యాహ్నం రెండు గంటలు

జరిగింది జరిగినట్టు రాస్తాను. 

పన్నెండు కొట్టేసరికి వాడల అంకెలు ఒకటొకటిగా పడిపోవడం మొదలైంది. రాయివలస సున్నా. చినగుల్ల సున్నా. ఆలోచించి చెబుతానన్నాయన వాడ కూడా సున్నా. ఇన్నేళ్ళలో ఈ రూటరు ఇంత ఖాళీగా ఉండగా నేను చూడలేదు. చివరికి పెదగుల్ల అంకె కూడా దిగుతూ దిగుతూ ఒకటి దగ్గర ఆగింది. ఆ ఒక్క లైను ఎవరిదో నాకు తెలుసు. దాన్ని ముట్టుకోలేదు.

ఆసుపత్రికీ నీలాటివలసకూ బొమ్మ కలిపాను. ఇక్కడ నాకు బొమ్మ కనబడదు, గొంతులు వినబడతాయి, పోయిన ప్యాకెట్ల అంకె కనబడుతుంది. ఆ అంకె సున్నా మీద నిలబడి ఉంది.

అక్కడ ఎల్లాజీ చేతులు విప్పినట్టున్నారు. కాసులమ్మ ఊపిరి వినబడుతోంది. తర్వాత ఆమె, కడుపు, అంది. ఆగింది. మీసం, అంది.

 ఏమైందమ్మా అని డాక్టర్ వాసంతి అడిగారు.

"మీసం తిప్పతన్నాడమ్మా. బొజ్జా మీసమూ అంటే మాయన్న. మాయన్న పోలయ్యని ఆయన అలాగే పిలుస్తాడు." అంతలోనే మళ్ళీ అంది. "మాయన్న కింద ఉండిపోనాడంటన్నాడు."

పెదవి కాదు, మీసం. వాచిన వేళ్ళతో తిప్పుతుంటే నేను కళ్ళారా చూసి కూడా పెదవి అని చెప్పాను. కాగితం మీద సున్నా అంటే పోలయ్య బొజ్జ, అడ్డగీత అంటే అతని మీద కూలిన పాక దూలం.

తర్వాత సంగతి ఆమె ఆగి ఆగి చెప్పింది. పోలయ్య, ఎల్లాజీ కలిసే ఆ నాచు తెప్ప మీద పనిచేస్తారు. పోలయ్య ఒంటరివాడు, రాయివలసలో ఉంటాడు. తుపాను ముందు వచ్చిన ఆఖరి పడవలో ఇంటికి వెళ్ళిపోతానని చెప్పాడు కాబట్టి వెళ్ళిపోయాడనే కాసులమ్మ అనుకుంది. రాయివలస వాళ్ళు అతను నీలాటివలసలో చెల్లెలి దగ్గర ఉన్నాడనుకున్నారు. అతను ఎక్కడికీ పోలేదు. బావమరిది ఒక్కడే తెప్పను కాచుకోలేడని ఉండిపోయాడు. గాలికి నాచు ఆరబెట్టే పాక కూలి, దూలం అతని కాలి మీద పడింది. ఎల్లాజీ దాన్ని లేపలేకపోయాడు. ఉన్న నీళ్ళ డబ్బా అతని చేతికి అందేలా కట్టి, తాను డ్రమ్ము పట్టుకుని సాయం కోసం సముద్రంలోకి దిగాడు. తెప్ప మొత్తం ముక్కలై ఉంటుందనుకుని రక్షణ పడవ అటు వెళ్ళనే లేదు.

పడవ సరంగును లైనులోకి తీసుకున్నాను. తెప్ప కదిలిపోయిందా, ఎటు కదిలింది అన్నాడు. కాసులమ్మ ఆ ప్రశ్నను చేతులతో అడిగింది. లంగరు తెగలేదనీ, నీళ్ళలో మునిగిన పాత ఊరి వాటర్ ట్యాంకు తల కనబడే చోటికి తూర్పున, ఎర్రజెండా గుంజ పక్కన ఉందనీ జవాబు వచ్చింది. ఎర్రజెండాలు రెండున్నాయి, ఏది అన్నాడు సరంగు. మళ్ళీ అడిగింది. పొట్టిది. నీళ్ళ డబ్బా ఎంతది? మూడు రోజులకు వస్తుంది, పొదుపుగా తాగితే. ఇవాళ మూడో రోజు.

గడియారం చూస్తే పన్నెండూ ఇరవై. పావుగంట దాటిపోయింది. వాడల అంకెల వైపు చూడడానికి భయం వేసింది. చూశాను. ఈ బొమ్మ ఫోను కాక, ఎనిమిది సున్నాలు అలాగే ఉన్నాయి. ఎవరూ ఫోను ఎత్తలేదు. పన్నెండూ నలభైకి ఎల్లాజీ చెప్పవలసిందంతా చెప్పేదాకా ఎవరూ ఎత్తలేదు. గడువు పొడిగించమని నేను అడగలేదు. ఎవరిని అడగాలో కూడా నాకు తోచలేదు.

ఆఖరున కాసులమ్మ డాక్టరుతో, ఇంక ఆయన చేతులు కట్టొద్దమ్మా అంది. కట్టనని ఆమె మాట ఇచ్చింది. లైను ముగిసే ముందు ఒక నిమిషం మొగుడూ పెళ్ళామూ చేతులతోనే మాట్లాడుకున్నారు. ఏమనుకున్నారో నాకు తెలియదు. పోయిన ప్యాకెట్లు మాత్రం సున్నా.

నవంబరు 13, రాత్రి

నిన్న మధ్యాహ్నమే బయలుదేరిన పడవ అలకు వెనక్కి తిరిగి వచ్చింది. ఇవాళ తెల్లవారాక గాలి కాస్త జారింది. సరంగు ఆరున్నరకు మళ్ళీ వెళ్ళాడు.

ఏడు నుంచి పదకొండు దాకా ఏమి చేశానో చెప్పలేను. కార్డులు తుడిచాను, తుడిచినవే మళ్ళీ తుడిచాను. కాసులమ్మ గంటకోసారి చేసి, ఏటైనా తెలిసిందా అప్పా అని అడిగేది. లేదంటే, సరే అని పెట్టేసేది. రెండోసారి చేసినప్పుడు, అన్న తనను చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని నాచు ఎండబెట్టేవాడని చెప్పింది. ఎల్లాజీతో పెళ్ళికి ఇంట్లో అందరూ వద్దన్నప్పుడు అతని సైగలు మొదట నేర్చుకున్నది పోలయ్యేనట. నేర్చుకుని వచ్చి, ఈడు మనందరికంటె బాగా మాట్లాడతాడని చెప్పి తండ్రిని ఒప్పించాడట.

పదకొండూ నలభైకి సరంగు గొంతు వచ్చింది. మనిషి ఉన్నాడు, ఊపిరి ఉంది, కాలు లేదనుకోండి అన్నాడు. నేను ఆ మాటను కాసులమ్మకు మోసుకెళ్ళాను. మొదట ఊపిరి ఉందని చెప్పి, అది ఆమెలోకి దిగేదాకా ఆగి, తర్వాత కాలి సంగతి చెప్పాను.

"కాలుకేటప్పా," అంది, ఏడుపు ఆపుకుంటూ. "కూకుని వలలు అల్లుకుంటాడు. ఉన్నాడు, అదే సాలు."

డాక్టర్ వాసంతి మోకాలి కింద తీసేశారు. ఎల్లాజీ ఆపరేషను గది బయట నేల మీదనే కూర్చున్నాడట, ఎవరు చెప్పినా లేవలేదట. సెలైను సీసాను ఒక చేత్తో పైకి పట్టుకుని తానే మోసుకుంటూ తిరుగుతున్నాడట.

పెదగుల్ల పారమ్మ సాయంత్రం చేసింది. మనవరాలు తెరలపేటలో దొరికిందని చెప్పడానికి.

నవంబరు 16

కౌన్సిలు సమావేశానికి పిలిచారు. బొమ్మను ముందు పారేయమన్న నిబంధన పెట్టింది నేనేనని నిలబడి చెప్పాను. అది కొత్తదేమీ కాదు, పాత పుస్తకంలో ఉన్నదే కదా అని వరహాలరావు గారు నా తరఫున అన్నారు. పుస్తకంలో ఉన్నా చెయ్యి నాది అన్నాను. చర్చ చాలాసేపు జరిగింది. చివరికి ఆసుపత్రి బొమ్మనూ, మాట రానివాళ్ళ ఇళ్ళ బొమ్మనూ ఇక మీదట మాటగానే లెక్కవేయాలని తీర్మానించారు. అలాంటి ఇళ్ళు తొమ్మిది వాడల్లో ఎన్నున్నాయో అప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెడితే ముప్పై ఒకటి.

నవంబరు 22, సాయంత్రం

సముద్రం నెమ్మదించింది. మొన్న మొదటి పడవలోనే కాసులమ్మ వచ్చింది. నేను ఊహించుకున్న దానికంటె చిన్న మనిషి. రెండు రోజులు అన్న మంచం దగ్గరా భర్త మంచం దగ్గరా మార్చి మార్చి కూర్చుని, ఇవాళ మధ్యాహ్నం ఎల్లాజీని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. ఎండుచేపలు పొట్లం కట్టి తెచ్చింది.

కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఆ పదో తారీకున మధ్యలో చెయ్యి కనబడకపోవడానికి కారణం నేనేనని అప్పుడు చెప్పాను. పదకొండున చెప్పవలసింది, ధైర్యం చాలలేదని కూడా చెప్పాను. రెండు రోజులు ముందు తెలిసి ఉంటే మీ అన్న కాలు దక్కేదేమో అన్నాను.

కాసులమ్మ టీ గ్లాసును కింద పెట్టింది. కోపం వచ్చి లేచి వెళ్ళిపోతుందనుకున్నాను.

"నోటితో మాటాడేవోళ్ళకి సేతులు మాటలని ఎలగ తెలస్తాదప్పా," అంది. "మా అత్తకే తెల్దు. కన్నతల్లి. సచ్చిందాకా తెల్దు. నీకు పది రోజుల్లో తెలిసింది."

 ఆమె ఇదంతా ఎల్లాజీకి చేతులతో చెప్పింది. అతను నా వైపు చూసి, లేచి రూటరు దగ్గరికి వెళ్ళాడు. దీపాలను చూశాడు, కార్డులను చూశాడు. తర్వాత కట్టు విప్పిన చేతిని పెట్టె మీద మెల్లగా ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. లోపల ఫ్యాను తిరిగే అదురు అతని అరచేతికి తెలుస్తోంది కాబోలు. అలా ఉండి ఉండి, కళ్ళు తెరిచి భార్యతో ఏదో చెప్పాడు. ఆమె నవ్వింది.

"దీనికి జొరం తగిలిందంటన్నాడు. ఇన్నాళ్ళూ పని సేసీసి అలిసిపోనాదంట. కాసేపు సల్లగా ఉండనియ్యమంటన్నాడు."

అది ఎప్పుడూ అలాగే ఉంటుంది, జ్వరం కాదని చెప్పమన్నాను. ఆమె చెప్పింది. అతను నమ్మలేదు. గోడకు తగిలించిన నా తాటాకు విసనకర్ర తీసుకుని, పెట్టె పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని విసరసాగాడు. చిట్లిన పక్కటెముకలకు కట్టు ఉంది, విసరొద్దని కాసులమ్మ వారించినా వినలేదు.

మూడు గంటల నుంచి మూడున్నర దాకా విసిరాడు. రూటరు వేడి రెండు డిగ్రీలు తగ్గింది. ప్యాకెట్ మెమరీ పలకలు రెండూ బాగున్నాయి. బస్సులు రెండూ మోయగలిగినంతే మోస్తున్నాయి.